శిబిరంలో స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

బడులకు సెలవులు దగ్గరపడితే చాలు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆడపిల్లల కోసం సైన్స్, టెక్నాలజీ శిబిరాల ప్రకటనలు మొదలవుతాయి. కాలేజీలు పెడుతున్నాయి, స్వచ్ఛంద సంస్థలు పెడుతున్నాయి, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని పెడుతున్నారు. సంతోషం. అయితే చాలాచోట్ల డబ్బంతా వేదికకు, ఫ్లెక్సీలకు, టీషర్టులకు, షీల్డులకు పోతోంది. పిల్లల బల్ల మీదకు వచ్చేసరికి ఐదుగురికి ఒక ప్రయోగ సామాను కిట్ మిగులుతోంది. ఈ ఒక్కటి మారితే మిగతావి చాలావరకు దారిలో పడతాయని మా గట్టి నమ్మకం. శిబిరం నడపబోయేవాళ్లకు, పిల్లల్ని పంపే ప్రధానోపాధ్యాయులకు, డబ్బిచ్చే దాతలకు పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాం.

ముందు ఒక చిన్న లెక్క. నలభై మంది అమ్మాయిలు, రోజుకు నాలుగు గంటల పని, అంటే 240 నిమిషాలు. ఐదుగురికి ఒక కిట్ ఇస్తే, అందరూ సమానంగా పంచుకున్నా ఒక్కొక్కరి చేతికి పనిముట్టు వచ్చేది 48 నిమిషాలు. ఇద్దరికి ఒకటి ఇస్తే రెండు గంటలు. పైగా ఐదుగురి గుంపులో సమానంగా పంచుకోవడం జరగని పని. చొరవ ఉన్న ఒకరు చేస్తారు, పక్కనున్నవాళ్లు వైరు పట్టుకుంటారు, చేతిరాత బాగున్న అమ్మాయి రికార్డు రాస్తుంది, మిగిలిన ఇద్దరు చూస్తారు. మగపిల్లలు కూడా ఉన్న గుంపయితే రికార్డు రాయడం, చార్టుకు రంగులు వేయడం, చివరిరోజు అతిథికి వివరించడం దాదాపు ఎప్పుడూ అమ్మాయి వంతే. ఫొటోల్లో ముందు వరసలో ఆమే ఉంటుంది, స్క్రూడ్రైవర్ మాత్రం ఆమె దాకా రాదు. అందుకే శిబిరానికి ఎంతమంది వచ్చారని కాకుండా, ఒక్కో అమ్మాయి చేతిలో పనిముట్టు ఎన్ని నిమిషాలు ఉందని అడగాలి.

ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలకోసారి గంట కొట్టాలి. గంట కొట్టగానే పని చేస్తున్న అమ్మాయి రాతకు, రాస్తున్న అమ్మాయి పనికి మారాలి. ఇంకో నియమం నేర్పేవాళ్లకు: పిల్ల దగ్గర సర్క్యూట్ వెలగకపోతే మనం చెయ్యి పెట్టి సరిచేయకూడదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ప్రశ్నలు మాత్రమే అడగాలి. బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు చూపిస్తోంది? రెసిస్టర్ (కరెంటును అడ్డగించే భాగం) దాటాక ఎంత? ఇది చెప్పినంత తేలిక కాదు. ముప్పై సెకన్లలో మనం సరిచేయగలిగింది పిల్ల పది నిమిషాలు వెతుకుతుంటే ఆగడం కష్టం. కానీ శిబిరం పెట్టిందే ఆ పది నిమిషాల కోసం.

ఇద్దరికొక కిట్ అంటే భరించలేమన్న మాట తరచూ వినిపిస్తుంది. ధరలు చూద్దాం. ప్రోగ్రాం ఎక్కించి సెన్సర్లను, దీపాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు, ఆర్డ్యునో ఊనో నమూనాలో మార్కెట్లో దొరికేది, కేబుల్‌తో 500 రూపాయల దగ్గర పడుతుంది. అతికించే పని లేకుండా రంధ్రాల్లో గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు 80, దానికి వాడే జంపర్ వైర్లు 80, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ 80, వోల్టేజీ, కరెంటు కొలిచే చవక రకం డిజిటల్ మల్టీమీటర్ 200, లోహాన్ని కరిగించి వైర్లను అతికించే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ స్టాండుతో సహా 280, సోల్డర్ తీగ 60, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్ 150, సెల్లులూ హోల్డరూ 100, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, బజర్, స్విచ్చుల్లాంటి చిల్లర సామాను 100. మొత్తం 1,650 లోపే. కొనే చోటును బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. ఇరవై జతలకు 33,000. విడిగా మూడు బోర్డులు, ఐదు కట్టల జంపర్ వైర్లు, నాలుగు కేబుళ్లు, ఇంకొన్ని ఎల్‌ఈడీలు, సోల్డర్ కలుపుకున్నా 40,000 దాటదు. మరుసటి ఏడాదికి వీటిలో కొత్తగా కొనాల్సింది సెల్లులు, సోల్డర్, ఎల్‌ఈడీలు, పాడైన వైర్లు మాత్రమే. వేదిక అలంకరణ, సౌండ్ సిస్టమ్, శాలువాలు, షీల్డుల బిల్లు పక్కన పెట్టి ఈ అంకె చూడండి.

ఇరవై ల్యాప్‌టాప్‌లు ఎక్కడివన్నది తర్వాతి ప్రశ్న. అక్కర్లేదు. ఏడెనిమిది ఉంటే చాలు. ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కించడానికి పట్టేది నిమిషం. దాన్ని ముందు కాగితం మీద రాసి, జతలో రెండో అమ్మాయి వరసవారీగా చదివి ఒప్పుకున్నాకే కంప్యూటర్ దగ్గరికి రావాలని నియమం పెడితే వరస పెరగదు, వాట్సాప్‌లో వచ్చిన కోడు కాపీ కొట్టడమూ తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ ముందురోజే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకోవాలి, బడి ఇంటర్నెట్‌ను నమ్ముకోవద్దు. చవక బోర్డుల్లో ఎక్కువగా సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్ ఉంటుంది. దాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, లేకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లు బోర్డును గుర్తించవు. డ్రైవర్ ఉన్నా గుర్తించలేదంటే కేబుల్ చూడండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌లో డేటా వైర్లే ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం ఏమీ లేదంటుంది. మొదటి రోజు ఉదయం ఈ రెండింటి దగ్గరే సగం సమయం పోతుంది.

అసలు మొదటి రోజు బోర్డులు బయటికే తీయొద్దని మా సూచన. పాడైన మిక్సీలతో మొదలుపెట్టండి. ఊళ్లో రిపేరు షాపుల్లో, పాత సామాను అంగళ్లలో చవగ్గా దొరుకుతాయి. అమ్మాయి రోజూ చూసే యంత్రమే, లోపల ఏముందో ఇంట్లో ఎవరూ విప్పి చూపించి ఉండరు. పిల్లలకు ఇచ్చేముందు ప్లగ్గును కత్తిరించి పారేయాలి. తీసి పక్కన పెట్టడం చాలదు, ఎవరో ఒకరు మళ్లీ గుచ్చుతారు. పాత టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు అసలు ముట్టనివ్వొద్దు. కరెంటు తీసేసినా, చార్జ్ నిల్వచేసే వాటి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జ్ మిగిలి ఉండొచ్చు.

మిక్సీ అడుగున ఉన్న స్క్రూలు విప్పే ముందు దాని బొమ్మ ఒక థర్మోకోల్ ముక్క మీద గీసి, తీసిన ప్రతి స్క్రూను దాని స్థానంలో గుచ్చాలి. లేకపోతే తిరిగి బిగించేటప్పుడు మూడు స్క్రూలు మిగులుతాయి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందిస్తూ రెండువైపులా ఉండే కార్బన్ బ్రష్షులు తీసేటప్పుడు లోపలి స్ప్రింగ్ ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది, రక్షణ కళ్లద్దాలు పెట్టించండి. బ్రష్షు పొడవు స్కేలుతో కొలిపించండి. ఐదారు మిల్లీమీటర్ల కంటే తక్కువకు అరిగిపోతే అది తిరిగే భాగం మీది రాగి కమ్యుటేటర్‌కు సరిగా ఆనదు, నిప్పురవ్వలు వస్తాయి, చివరికి మోటారు తిరగదు. అడుగున ఉండే చిన్న మీట ఓవర్‌లోడ్ స్విచ్. గట్టిపిండి ఎక్కువ వేసినప్పుడు మోటారు మితిమీరి కరెంటు లాగితే అదే దారి తెగ్గొడుతుంది. చల్లారాక నొక్కితే మిక్సీ మళ్లీ తిరుగుతుంది. ఇది తెలియక మిక్సీని షాపుకు పట్టుకెళ్లే ఇళ్లు ఎన్నో. సాయంత్రానికి మిక్సీని తిరిగి బిగించిన అమ్మాయికి మర్నాడు బ్రెడ్‌బోర్డు అంటే భయం ఉండదు.

భయం గురించి ఇంకో మాట. వస్తువు పాడైపోతుందేమో, తిడతారేమో అన్న జంకు ఆడపిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది. ఇంట్లో ఖరీదైన వస్తువు మీద మొదటి ప్రయోగం చేసే స్వేచ్ఛ వాళ్లకు దక్కకపోవడమే దానికి కారణం. కాబట్టి రెండోరోజు మొదటి పనే ఎల్‌ఈడీని కావాలని మాడ్చడం. కళ్లద్దాలు పెట్టించి, ఎరుపు ఎల్‌ఈడీని రెసిస్టర్ లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి కలపమనండి. ఒక్కక్షణం ఎక్కువగా వెలిగి, రంగు నారింజలోకి మారి ఆరిపోతుంది. నష్టం రెండు రూపాయలు. ఇప్పుడు లెక్క కట్టించండి: ఎరుపు ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు తగ్గుతాయి, మిగిలిన 7 వోల్టులను 470 ఓములతో భాగిస్తే దాదాపు 15 మిల్లీఆంపియర్లు. ఎల్‌ఈడీ హాయిగా భరించే కరెంటు అది. మాడిన ఎల్‌ఈడీ పక్కన పెట్టుకుని చేసిన ఈ లెక్క పిల్లలు మరిచిపోరు.

ఆ తర్వాత ప్రతి జతకూ చెడిపోయిన సర్క్యూట్ ఒకటి ఇవ్వాలి. ఒకదాంట్లో ఎల్‌ఈడీ తిరగబడి ఉండాలి. ఇంకోదాంట్లో ఎల్‌ఈడీ రెండు కాళ్లూ బ్రెడ్‌బోర్డు ఒకే వరసలో ఉండాలి. అక్కడ రంధ్రాలన్నీ లోపల కలిసే ఉంటాయి కాబట్టి కరెంటు ఎల్‌ఈడీలోకి వెళ్లనే వెళ్లదు. మూడోదాంట్లో లోపల తెగిన జంపర్ వైరు. నాలుగోది అన్నిటికన్నా మంచి పాఠం: నీరసించిన బ్యాటరీ. విడిగా కొలిస్తే ఎనిమిది వోల్టుల దాకా చూపిస్తుంది, సర్క్యూట్‌లో పెట్టి కొలిస్తే కిందికి జారిపోతుంది. బ్యాటరీ బాగుందని మీటరే చెప్పింది కదా అని పిల్లలు వాదిస్తారు. వాదించనివ్వండి. బ్యాటరీ లోపలి నిరోధం అనే మాటను పుస్తకం ఎంత వివరించినా ఈ వాదన చేసినంత పని చేయదు.

మల్టీమీటర్ ఇచ్చే ముందు ఒక జాగ్రత్త. చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి సాధారణంగా ఫ్యూజు ఉండదు. ఎర్ర వైరు అందులో ఉండగా బ్యాటరీ వోల్టేజీ కొలవబోతే నేరుగా షార్ట్ అవుతుంది, వైర్లు కాలిపోతాయి. ఆ రంధ్రాన్ని ఇన్సులేషన్ టేపుతో ముందే మూసేయండి. ఇళ్లలోని ప్లగ్గు సాకెట్లను ఈ మీటర్లతో కొలవొద్దని కూడా గట్టిగా చెప్పాలి.

సోల్డరింగ్‌ను ఎనిమిదో తరగతి పైవాళ్లకే పెట్టాలి. ఇరవై ఐరన్లు ఒకేసారి వేసినా 500 వాట్లే, రెండు ఆంపియర్లు దాటి కొంచెం. బడి గదిలో కరెంటు లైను దాన్ని తట్టుకుంటుంది, తట్టుకోనిది నాసిరకం ఎక్స్‌టెన్షన్ బోర్డు. మంచివి నాలుగు కొనండి. మామూలుగా దొరికే 60/40 సోల్డర్ 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. పిల్లలు చేసే పొరపాటు ఒక్కటే: సోల్డర్‌ను ఐరన్ మొన మీద కరిగించి, ఆ బొట్టును తీసుకెళ్లి అతుకు మీద పూయడం. సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ మొన మీదనే ఆవిరైపోతుంది, అతుకు చల్లగా ఉంటుంది, బూడిదరంగు గోళీలా నిలబడి కదిలిస్తే ఊడుతుంది. మొనతో ఎల్‌ఈడీ కాలునూ బోర్డు మీది రాగినీ కలిపి రెండు మూడు సెకన్లు వేడిచేసి, సోల్డర్‌ను ఆ వేడి అతుక్కే తాకించాలి. అప్పుడది అంచుల దాకా పాకి మెరుస్తుంది. ఈ సోల్డర్‌లో సీసం ఉంది కాబట్టి ఆ బల్ల దగ్గర తిండి వద్దు, లేచిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఫ్యాను పొగను పిల్లల ముఖం మీద నుంచి పక్కకు లాగేలా ఉండాలి.

జడ వెనక్కి ముడేసుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టమంటే ఇబ్బంది పడే పిల్లలు ఉంటారు. ప్రతి ఒక్కరికీ నూలు ఏప్రాన్ ఇచ్చి, చున్నీని దానికింద దోపుకోమనండి. పాలిస్టర్ బట్ట వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది కాబట్టి నూలు అనే మాట ముఖ్యం. చున్నీ ప్రమాదమని చెప్పి అమ్మాయిల్ని ఈ బల్లకు దూరం పెట్టడం కొన్నిచోట్ల జరుగుతోంది. ఏప్రాన్ ఖర్చు మిగుల్చుకోవడానికి పిల్ల నేర్చుకునే అవకాశాన్ని తీసేయడమే అది.

సెన్సర్ల దగ్గరికి వచ్చేసరికి మన ఎండలే మంచి పాఠం చెబుతాయి. అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వనిని పంపి, అది గోడకు తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయంతో దూరం కడుతుంది. దొరికే ప్రోగ్రాములన్నిటిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసి ఉంటుంది. అది 20 డిగ్రీల దగ్గరి విలువ. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీల గదిలో ఆ వేగం 355 దగ్గర ఉంటుంది. టేపుతో కొలిచి సరిగ్గా మీటరు దూరంలో గోడ పెట్టుకున్నా సెన్సర్ 96, 97 సెంటీమీటర్లు చూపిస్తుంది. సెన్సర్ పాడైందని పిల్లలు అనుకుంటారు, నేర్పేవాళ్లూ కొందరు అదే అనుకుని మార్చేస్తారు. మార్చొద్దు. 331కి ఉష్ణోగ్రతను 0.6తో గుణించి కలిపితే వచ్చే విలువను ప్రోగ్రాంలో వేసి మళ్లీ కొలవమనండి.

ఆ సూత్రాన్ని నమ్మకంగా తీసుకోవడం ఎందుకు, రెండు ఫోన్లతో పిల్లలే తేల్చుకోవచ్చు. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో శబ్దానికి మొదలై శబ్దానికి ఆగే స్టాప్‌వాచ్ ఉంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండు ఫోన్లను పది మీటర్ల దూరంలో పెట్టి, మొదటి ఫోన్ దగ్గర ఒకరు చెక్కముక్కలు కొట్టాలి, తర్వాత రెండో ఫోన్ దగ్గర ఇంకొకరు కొట్టాలి. రెండు ఫోన్లు చూపే సమయాల తేడా ధ్వని ఇరవై మీటర్లు నడవడానికి పట్టిన కాలం. ఎండలో 0.056 సెకన్ల దగ్గర వస్తుంది. పది రీడింగుల సగటు తీసుకోవాలి. ఫ్యాను చప్పుడుకే వాచీ మొదలైపోతుంటే యాప్‌లో శబ్దం హద్దు పెంచుకోవాలి. అమ్మానాన్నల ఫోను అడిగి తెచ్చుకున్న పిల్లకు ఈ ప్రయోగం ఇంటికెళ్లాక కూడా చేసుకునే వీలుంటుంది.

పొలం ప్రాజెక్టులు చేయించేవాళ్లకు ఒక హెచ్చరిక: రెండు లోహపు కడ్డీలున్న చవక తేమ సెన్సర్ మట్టిలో కరెంటుతోనే ఉంచితే విద్యుద్విశ్లేషణ వల్ల కొన్ని వారాల్లో తినేసినట్లు అయిపోతుంది. లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం కొనండి. లేదా గంటకోసారి రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చేలా ప్రోగ్రాం రాయించండి.

టెక్నాలజీ అంటే ఎలక్ట్రానిక్సే అనుకోవడం ఇంకో లోటు. శ్రీకాళహస్తి కలంకారీ మన పక్కనే ఉంది. అందులో ఉన్నంత రసాయనశాస్త్రం ఏ కిట్‌లోనూ లేదు. కరక్కాయలోని టానిన్ బట్టలో ఇంకుతుంది, ఇనుప ద్రావణంతో గీత గీస్తే ఆ ఇనుమూ టానినూ కలిసి నల్లబడతాయి. కలంతో గీసిన క్షణంలో గీత పలచగా, బూడిదరంగులో ఉంటుంది. కళ్లముందే గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ ముదురుతూ పోతుంది. గీత మీద సగం భాగాన్ని వెంటనే ప్లాస్టిక్ కాగితంతో గట్టిగా మూసి, మిగతా సగాన్ని గాలికి వదిలి పోల్చి చూడమనండి.

బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో పులియబెట్టి చేసే సంప్రదాయ ద్రావణానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఐదురోజుల శిబిరానికి వెనిగర్ దారి నయం. పాత తుప్పు మేకులు పావుకిలో అరలీటరు వెనిగర్‌లో వేసి, శిబిరానికి వారం ముందే పెట్టుకోవాలి. మూత గట్టిగా బిగించొద్దు, హైడ్రోజన్ పుడుతుంది, సీసా పగలొచ్చు. దగ్గర్లో మంట ఉండకూడదు. చాలామంది దెబ్బతినేది ఇనుము ఎంపికలో. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు వెనిగర్‌లో అలాగే ఉండిపోతుంది. తళతళలాడే కొత్త మేకులకు జింకు పూత ఉంటుంది, ముందు ఆ జింకే కరుగుతుంది కాబట్టి నలుపు రాదు. అయస్కాంతం పెట్టి చూస్తే జింకు పూత మేకులూ అతుక్కుంటాయి, దాంతో తేలదు. ఉప్పునీళ్లలో ఒక రాత్రి ఉంచి చూడండి, ఎర్రగా తుప్పు పట్టిందే పనికొస్తుంది.

బట్ట గంజి పోయేదాకా ఉడికించి ఉతికిన నూలుదై ఉండాలి. లీటరు నీళ్లకు 50 గ్రాముల కరక్కాయ పొడి వేసి, అందులో బట్టను పావుగంట నానబెట్టి, ఎండలో ఆరేయాలి. ఒక ముక్కకు ఆ నీళ్లలో గేదెపాలు కలపండి, ఇంకోదానికి వద్దు. రెండింటి మీదా ఒకే సైజు బొట్టు వేసి, అయిదు నిమిషాల తర్వాత వెడల్పు స్కేలుతో కొలిపించండి. పాలు లేని ముక్క మీద రంగు పాకిపోతుంది, పాలలోని కొవ్వు ఆ పాకడాన్ని ఆపుతుంది. శ్రీకాళహస్తి కళాకారిణి ఒకరిని పిలిచి చెప్పించగలిగితే మరీ మంచిది. ఇంజినీరుకు ఎంత గౌరవ వేతనం ఇస్తారో ఆమెకూ అంతే ఇవ్వండి.

నీటి పరీక్షలు చాలా శిబిరాల్లో చేయిస్తున్నారు, మంచిదే. ఒక అపోహ మాత్రం పిల్లల ద్వారా ఊళ్లకు పాకుతోంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ అంకె తక్కువ చూపిస్తే నీళ్లు మంచివనుకుంటున్నారు. ఆ మీటర్ కొలిచేది నీటిలో కరెంటు ప్రవహించే తీరును మాత్రమే. ఫ్లోరైడ్ గురించి గానీ క్రిముల గురించి గానీ అది ఏమీ చెప్పదు. తాగునీటికి భారతీయ ప్రమాణాల్లో టీడీఎస్ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 దాకా. ఫ్లోరైడ్‌కు 1, వేరే దారి లేకపోతే 1.5. బోరు నీటిలో రెండింటినీ విడివిడిగా చూడాలి.

చూడ్డానికి తీసుకెళ్లాలంటే దూరం పోనక్కర్లేదు. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్‌ల మీద పనిచేసే రాడార్ ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానంలో పాత టీవీ యాంటెన్నాల్లాంటి 1,024 యాగీ యాంటెన్నాలు నిలబెట్టి ఉంటాయి. వెళ్లే ముందురోజు 300ను 53తో భాగించి తరంగదైర్ఘ్యం కట్టమనండి, 5.66 మీటర్లు వస్తుంది. అందులో సగం, 2.83 మీటర్ల కర్ర ఒకటి బడి ఆవరణలో పాతించండి. అక్కడ యాంటెన్నా కడ్డీలు ఎందుకు దాదాపు అంత పొడవున్నాయో పిల్లలే చెబుతారు. ముందుగా అనుమతి రాసుకోవాలి. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం చిన్న తరగతులకు సరిపోతుంది. ఐఐటీ, ఐసర్, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మన దగ్గరే ఉన్నాయి. అరగంట ప్రసంగించే ముఖ్య అతిథి కన్నా, మూడు రోజులు పిల్లల పక్కన కూర్చునే పరిశోధక విద్యార్థిని ఒకరు దొరికితే అదే పదివేలు.

అమ్మాయిల బృందాల గురించి చెప్పేటప్పుడు ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం సంగతి తప్పక చెప్పండి. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు అందులోని పరికరాల్లో పాలుపంచుకున్నారు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో అది బయలుదేరింది. రెండో దశ విడిపోయేటప్పటి ప్రకంపనలకు, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు తమ హద్దు దాటాయి, అవి పాడయ్యాయని కంప్యూటర్ నిర్ణయించుకుంది, ఉపగ్రహాలు నిలబడలేనంత తక్కువ కక్ష్యలో పడిపోయాయి. కారణం వెతికి సరిదిద్దాక 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగంలో ఆజాదీశాట్-2 సరైన కక్ష్యకు చేరింది. చెడిపోయిన సర్క్యూట్‌తో తంటాలు పడుతున్న తొమ్మిదో తరగతి పిల్లకు ఈ రెండు తేదీల మధ్య జరిగిన పని గురించి చెబితే ఇట్టే అర్థమవుతుంది.

ఇదంతా ఎందుకంటే, శ్రీసిటీలో, రేణిగుంట చుట్టుపక్కల కర్మాగారాల్లో ఎలక్ట్రానిక్ బోర్డులు బిగిస్తున్నవాళ్లలో మన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. చెయ్యి తిరగడం వాళ్లకు వచ్చు. ఆ బోర్డును గీసే బల్ల దగ్గర, లోపం ఎక్కడుందో తేల్చే గదిలో కూడా వాళ్లు కూర్చోవాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆ రుచి తగలకపోతే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న నిర్ణయం ఇంట్లో ఇంకెవరో చేసేస్తారు.

ఏర్పాట్ల గురించి క్లుప్తంగా. ఎండాకాలంలో ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా చాలు, మధ్యాహ్నం సెషన్లలో పిల్లలకూ చెప్పేవాళ్లకూ ఓపిక ఉండదు. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆర్టీసీ బస్సుల్లో స్త్రీశక్తి పథకం కింద టికెట్ ఖర్చు లేదు, గుర్తింపు కార్డు తెచ్చుకోమని ముందే చెప్పాలి. కస్తూర్బా విద్యాలయాల హాస్టళ్లు సెలవుల్లో ఖాళీగా ఉంటాయి, అధికారులు అనుమతిస్తే దూరపు మండలాల పిల్లలకు అక్కడే ఉండి నేర్చుకునే శిబిరం పెట్టొచ్చు. నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, శానిటరీ ప్యాడ్లు, మూతున్న చెత్తబుట్ట లేని చోట ఎంత మంచి కిట్లున్నా రెండోరోజుకు హాజరు పడిపోతుంది. నేర్పేవాళ్లలో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. చివరిరోజు సభ బదులు తల్లిదండ్రుల్ని పిలిచి బల్లల దగ్గర కూర్చోబెట్టండి. మల్టీమీటర్‌తో సెల్లు ఎలా పరీక్షించాలో ప్రతి అమ్మాయీ తన అమ్మకో నాన్నకో నేర్పాలి. పాలిటెక్నిక్‌కు పంపాలా వద్దా అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు ఆ అరగంట పనికొస్తుంది.

శిబిరం అయ్యాక ఏమిటన్నది కూడా ముందే రాసి పెట్టుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకానికి ఎంపికైన విద్యార్థి ఆలోచనకు 10,000 రూపాయలు వస్తాయి. శిబిరంలో పుట్టిన ఆలోచనల్లోంచి అమ్మాయిల పేర్లు పంపమని ప్రధానోపాధ్యాయుల్ని కోరుతున్నాం. పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడులకు 20 లక్షల దాకా నిధులు వచ్చాయి, సెలవుల్లో ఆ గదులు పక్క ఊళ్ల అమ్మాయిలకూ తెరవాలి. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల బాలికలకు నవోదయ విద్యాలయాల ద్వారా విజ్ఞాన్ జ్యోతి కార్యక్రమం ఉంది. డిప్లొమా, ఇంజినీరింగ్‌లో చేరిన అమ్మాయిలకు సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. తిరుపతిలో టీటీడీ నడిపే మహిళా పాలిటెక్నిక్ ఉంది. ఈ వివరాలు ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి, చివరిరోజు పిల్లల చేతికి కాదు, తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి.

కిట్లు బడిలోనే ఉండాలి. బీరువా తాళం ఒక ఉపాధ్యాయిని దగ్గర, రిజిస్టర్ తొమ్మిదో తరగతి అమ్మాయిల దగ్గర పెట్టండి. శనివారాల్లో మధ్యాహ్నం రెండు గంటలు తెరిస్తే చాలు. పోయినవీ కాలినవీ ఆ రిజిస్టర్‌లోనే రాయాలి, అందుకు ఎవరినీ మందలించకూడదు.

కొనుగోలు విషయంలో ఆఖరి సూచన. తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరు వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు అందుబాటులో ఉన్నాయి, ఇరవై కిట్లకు బేరమూ కుదురుతుంది. శిబిరానికి మూడు వారాల ముందే తెచ్చుకుని ప్రతి బోర్డునూ, సెన్సర్‌నూ, జంపర్ వైరునూ విడివిడిగా పరీక్షించి పెట్టుకోండి. చవక సరుకులో ఒకటో రెండో పనిచేయనివి తప్పకుండా వస్తాయి. వాటిని పారేయొద్దు, చెడిపోయిన సర్క్యూట్ల పాఠానికి డబ్బాలో విడిగా పెట్టుకోండి.

ఇట్లు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాలల సైన్స్ ఉపాధ్యాయినులు కొందరు,
తిరుపతి